నీటి వెంట వచ్చు కామెర్లు

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సామెతగా ఇది చక్కనిదే గాని, వైద్యశాస్త్రము దీనిని అంగీకరింపదు. ఆ రోగి కన్ను పచ్చబడునే గాని చూపు పచ్చబడదు. తెల్లని పంచె అతనికి తెల్లగానే తోచును. నిజమునకు అతని పచ్చదనమును ముందుగా గుర్తించునది లోకమే. "నీ కన్నులేమి, అట్లున్నవి?" అని పొరుగువారెవరో అడిగిన పిదపగాని అద్దము చూచుకొననివారు మన పేటలో ఎందరో కలరు.

మనము కామెర్లు అందుము. మన చుట్టునున్న మరాఠీ సోదరులు కావీళ్ అందురు. రెండును సంస్కృతమునందలి కామలా శబ్దమునకు చుట్టములే. పేర్లు వేరైనను కుళాయి నీరు ఒక్కటే గదా! ఆ నీటి మూలమున వచ్చు కామెర్లను గూర్చి, అందును హెపటైటిస్-ఇ అను వ్యాధిని గూర్చి, ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచినాము. ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. దానిని తగినచోట చెప్పెదము.

కామెర్లు అనునది ఒక వ్యాధి పేరు గాదు, పలు వ్యాధులయందు కనబడు ఒక చిహ్నము. మన రక్తమునందలి ఎర్రకణములు సుమారు 120 దినములు జీవించి నశించును. వానిలోని ఎర్రని పదార్థము విరిగి బిలిరుబిన్ అను పసుపు పదార్థముగా మారును. కాలేయము దానిని రక్తమునుండి ఏరి, పైత్యరసముతో కలిపి ప్రేగులలోనికి పంపివేయును. కాలేయము దెబ్బతిన్నను, పైత్యనాళమున రాయి అడ్డుపడినను, ఎర్రకణములే మితిమీరి నశించినను, ఆ పసుపు పదార్థము రక్తమున నిలిచి కన్నులను, చర్మమును పచ్చబరచును. కాలేయమునకు కలుగు వాపును హెపటైటిస్ అందురు. దానిని కలిగించు వైరసులలో ముఖ్యమైనవి ఐదు: ఎ, బి, సి, డి, ఇ. వీనిలో బి, సి, డి రకములు రక్తము మొదలగు శరీరద్రవముల వలన సంక్రమించును. ఎ, ఇ రకములు నోటిదారిన, అనగా రోగి మలముచే చెడిన నీటి వలనను ఆహారము వలనను వచ్చును. ఎ రకము మన దేశమున ఎక్కువగా పసిపిల్లలకు సోకి, పెక్కుసార్లు తెలియకుండగనే పోవును. ఇ రకము 15 మొదలు 40 ఏండ్ల లోపు వయస్సువారిని, పనిపాటలు చేసికొనువారిని, బిడ్డలను కనుచున్నవారిని ఎక్కువగా బాధించును.

ఈ వ్యాధి చరిత్ర తెలిసికొనదలచినవారు ముందు ఢిల్లీకి పోవలెను. 1955వ సంవత్సరమున వర్షాకాలము చివర యమునానదికి గొప్ప వరదలు వచ్చెను. వరద తీసిన పిదప నది తన పాయను మార్చుకొనెను. నగరమునకు నీరు తోడు వజీరాబాదు పంపుల కేంద్రమునకు దిగువను నజఫ్‌గఢ్ మురుగుకాలువ నదిలో కలియుచుండెడిది. ఆ నవంబరు నెలలో మురుగు ఎదురుమళ్లి నీరు తోడు చోటికి చేరెను. అధికారులు ప్రమాదమును గ్రహింపకపోలేదు. నీటిలో పటికను, క్లోరినును హెచ్చించిరి. అందువలన టైఫాయిడు వంటి బాక్టీరియా వ్యాధులు పెచ్చు పెరుగలేదు. గండము గడచినదని అందరును అనుకొనియుందురు. డిసెంబరు నెలలో నగరమంతటను కామెర్లు మొదలయ్యెను. 1956 జనవరి ముగియులోపల కామెర్లు బయటపడినవారే సుమారు 29,300 మంది అని డాక్టరు విశ్వనాథన్ 1957లో ప్రకటించిన పరిశోధన వలన తెలియుచున్నది. కన్నులు పచ్చబడక లోలోపలనే వ్యాధి సోకినవారు ఇంతకంటె ఎక్కువమంది యుందురు.

ఈ వృత్తాంతమున మనము గమనింపదగినవి రెండు కలవు. బాక్టీరియాను చంపిన క్లోరిను వైరసును చంపలేకపోయినదేమి? క్లోరినునకు ఆ శక్తి లేకపోలేదు. కాని బురదనీటిలో మలినకణముల చాటున దాగిన వైరసును అది చేరుట కష్టము. చేరినను తగినంత సేపు నీటిలో నిలిచియుండవలెను. పైకి తేటగా కనబడు నీటిలోను వ్యాధి ఉండవచ్చునని ఢిల్లీవారు తెలిసికొనిన విధమిది. రెండవది, నీరు చెడుటకును కన్నులు పచ్చబడుటకును మధ్య జరిగిన కాలము. అది ఐదారు వారములు. ఆ నీరు ఏనాడో పారిపోయినది. ఫలము మాత్రము పిదప వచ్చినది.

ఆనాటి వైద్యులు దీనిని ఎ రకమని తలచిరి. అప్పటికి ఏ రకపు వైరసును ఎవరును కన్నులారా చూచియుండలేదు. ఎ వైరసు 1973లో సూక్ష్మదర్శినికి చిక్కినది. అటుపిమ్మట ఒకరి రక్తమును పరీక్షించి, అతనికి ఎ రకము సోకినదో లేదో తేల్చుట సాధ్యమయ్యెను. పుణెలోని వైరస్ పరిశోధన సంస్థవారును, అమెరికా శాస్త్రజ్ఞులును కలిసి, ఢిల్లీ రోగుల నుండి ఆనాడు తీసి భద్రపరచిన రక్తరసమును వెలికితీసి పరీక్షించిరి. 1980లో వెలువడిన ఫలితములో, అది ఎ రకమును గాదు, బి రకమును గాదు అని తేలినది. పాతికేండ్లు శీతలపేటికలో నున్న రక్తము, పాతికేండ్ల నమ్మకమును తలక్రిందులు చేసినది. పనికిరానిదని పారవేయక దాచియుంచిన ఆ పేరు తెలియని ఉద్యోగులకు మనము నమస్కరింపవలెను.

ఆ సమయముననే కాశ్మీరమునుండి మరియొక సాక్ష్యము వచ్చినది. 1978 చివర గుల్మర్గ్, సోపోర్ ప్రాంతపు గ్రామములలో కామెర్లు చెలరేగెను. శ్రీనగరమున యువవైద్యుడుగా నున్న మహమ్మద్ సుల్తాన్ ఖురూ, మంచులో ఊరూర తిరిగి, ఇంటింటి లెక్కలు వ్రాసికొనెను. ఇది క్రొత్త వైరసు పనియని ఆయన నిర్ణయించి 1980లో ప్రకటించెను. అంతకంటె ముఖ్యమైనది మరుసటి ఏట ఆయన ప్రకటించిన లెక్క. ఆయన విచారించిన గ్రామములలో 208 మంది గర్భవతులుండిరి. వారిలో 36 మందికి కామెర్లు వచ్చినవి. ఆ 36 మందిలో 8 మందికి కాలేయము ఒక్కసారిగా పనిచేయుట మానివేసినది. గర్భవతులు గాని స్త్రీలలో వ్యాధి సోకినవారు నూటికి ఇద్దరు మాత్రమే, వారిలో ఒక్కరికిని ఇట్టి ప్రమాదము కలుగలేదు. ఒకే ఊరు, ఒకే నీరు, ఒకే వైరసు. గర్భవతి యైనంత మాత్రమున ఇంత భేదమేమి? హార్మోనుల మార్పు అనియు, శరీరపు రక్షణశక్తిలో వచ్చు మార్పు అనియు పలువిధముల చెప్పుచున్నారు గాని, శాస్త్రమింకను ఈ చిక్కును పూర్తిగా విప్పలేదు.

వైరసును చూచినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ బలయాన్. ఆఫ్‌ఘనిస్తానములోని సోవియట్ సైనికులలో కామెర్లు వ్యాపింపగా, తొమ్మండుగురు రోగుల మలమునుండి తీసిన సారమును ఆయన తానే త్రాగెను! ఐదు వారములు దాటిన పిదప కామెర్లు వచ్చెను. తన మలమునందే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వైరసు కణములను పట్టుకొని 1983లో లోకమునకు చూపెను. విద్యార్థులు దీనిని ధైర్యమునకు ఉదాహరణముగా తలంచినను మాకభ్యంతరము లేదు గాని, అనుకరణమునకు మాత్రము గాదు. తరువాత 1990లో ఈ వైరసు జన్యుపదార్థము విడదీయబడినది. అప్పటినుండి ఇ అను అక్షరము స్థిరపడినది.

ఒక మిల్లీమీటరును ముప్పదివేల భాగములు చేసినచో ఒక్క భాగమంత యుండును ఈ వైరసు. దాని జన్యుపదార్థమగు ఆర్.ఎన్.ఏ.లో సుమారు 7,200 అక్షరములు మాత్రమే కలవు. ఇంత చిన్న గ్రంథముతో అది ఇంత పని చేయుచున్నది! మనుష్యులకు సోకు ముఖ్యమైన తెగలు నాలుగు. మొదటి రెండును మనుష్యులలోనే తిరుగుచు నీటివెంట వ్యాపించును. మూడు, నాలుగు తెగలు పందులలోను, అడవిపందులలోను, జింకలలోను ఉండి, సరిగా ఉడకని మాంసము వలన మనుష్యులకు వచ్చును. ఐరోపా, జపాను దేశములలో చింత ఈ తెగలను గూర్చియే. అవయవమార్పిడి చేయించుకొనినవారిలో ఈ మూడవ తెగ నెలల తరబడి నిలిచి కాలేయమును తినివేయుననియు, రిబావిరిన్ అను మందు అట్టివారికి ఉపయోగపడుననియు ఇటీవల తెలిసినది. మన దేశమున మనుష్యులయందు కనబడునది దాదాపుగా మొదటి తెగయే. కావున "మా యింట మాంసము ముట్టము, మాకు రాదు" అనువారి ధైర్యమునకు ఆధారము లేదు.

ఢిల్లీతోను, కాశ్మీరముతోను ఈ కథ ముగియలేదు. 1991లో కాన్పూరు నగరమున సుమారు 79,000 మందికి సోకినది. 2005లో హైదరాబాదున వచ్చినది. 2012లో మన మహారాష్ట్రమునందే, మరమగ్గముల పట్టణమగు ఇచల్‌కరంజిలో, వేలమందిని పడవేసినది. మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన మన పిల్లలకు ఇచల్‌కరంజి ఎట్టి యూరో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము లోకములో ఏటేట సుమారు 2 కోట్లమందికి ఈ వైరసు సోకుచున్నది.

వైరసు లోపలికి పోయిన 2 మొదలు 10 వారములలో, సాధారణముగా ఐదారు వారములకు, వ్యాధి బయటపడును. మొదట జ్వరము, అన్నము సహింపకుండుట, వాంతులు, కుడిప్రక్క డొక్కలో బరువు, ఒడలి అలసట. కొన్ని దినములకు మూత్రము ముదురురంగునకు మారి, కన్నులు పచ్చబడును. కొందరికి ఒడలెల్ల దురద. సాధారణముగా కొలది వారములలో, ఆరు వారములలోపల, వ్యాధి తనంతట తాను తగ్గిపోవును. దీనిని నిర్మూలించు ప్రత్యేకమైన మందు సామాన్యరోగులకు లేదు, అక్కరయు లేదు. విశ్రాంతి, తగినంత ఆహారము, తగినన్ని నీళ్లు చాలును. సారాయి ముట్టరాదు. వైద్యుని అడుగక జ్వరపు మాత్రలైనను మ్రింగరాదు. పారాసిటమాల్ మోతాదు మించినచో కాలేయమునకే చేటు. పథ్యము పేరిట ఉప్పు, నూనె, పప్పు సర్వమును మాన్పించి రోగిని ఎండగట్టుట మన యిండ్లలో పెద్ద ఆచారము. కూరలో పసుపు వేసినచో ఒంటి పసుపు హెచ్చునను భయము కూడ విన్నాము. వంటింటి పసుపునకును బిలిరుబిన్‌నకును రంగు తప్ప మరి యే బాంధవ్యమును లేదు. రోగికి సహించిన ఆహారమును కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను.

తనంతట తగ్గునను ఈ లక్షణమే పసరువైద్యునకు కీర్తి తెచ్చినది. ఆకుపసరు త్రాగినవారిలో అత్యధికులు బాగుపడిరి, నిజమే. త్రాగనివారిలోను అత్యధికులు బాగుపడిరి. రెండవ లెక్క ఎవరును వేయరు. కొందరు రోగిచేత సున్నపునీటిలో చేతులు కడిగించి, నీరు పచ్చబడుట చూపి, వ్యాధి దిగుచున్నదందురు. ఇందు గారడియే తప్ప వైద్యము లేదు. చేతికి ముందుగా పూసిన చెట్టుబెరడు రసము సున్నముతో కలిసి పచ్చబడును. ముంజేతిపై వాత పెట్టుటయు కలదు. మన పెద్దలకు మూలికలయందు గల జ్ఞానమును మేము తక్కువ చేయుట లేదు. కాని వాచిన కాలేయమునకు ఏది తోడ్పడునో ఏది చెరుపు చేయునో తెలియక త్రాగించుట ప్రమాదము. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడిన పిదప కాలేయము చెడినవారిని గూర్చి వ్రాసిన సంగతి గమనింపదగినది.

ఇప్పుడు కారణము చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట, మన పాఠశాలలో చదివి, మన పేటలోనే కాపురమున్న ఒక అమ్మాయికి ఏడవ నెలలో కామెర్లు వచ్చినవి. ఆమె అత్తగారు త్రోవలో మమ్మును చూచి, "పంతులుగారూ, ఫలాని యూరిలో పసరు పోయుదురట, తీసికొని పోదుమా?" అని అడిగిరి. మేము పాఠములు చెప్పువారమే గాని, ఆనాడు ఈ పాఠము మాకు రాదు. "అందరును పోవుచున్నారు గదా, చూడవచ్చును" అంటిమి. పోయి వచ్చుటకు రెండు దినములు, పథ్యమునకు మరి రెండు దినములు. ఐదవనాడు ఆ అమ్మాయి పగలెల్ల నిద్రించి, రాత్రియెల్ల మేలుకొని, పొంతనలేని మాటలాడసాగెను. అప్పుడు ఆసుపత్రికి చేర్చిరి. తల్లి చాలకాలమునకు కోలుకొన్నది. బిడ్డ దక్కలేదు. నాలుగు దినములు ముందుగా పోయినచో ఏమగునో ఎవరును చెప్పజాలరు. అయినను ఆ "చూడవచ్చును" అను మాట మాది. అత్తగారు మమ్మొక్కనాడును నిష్ఠురమాడలేదు. ఆ యిల్లాలి సౌజన్యము మాకు మరింత భారమైనది.

కావున ఈ భాగమును విద్యార్థులు ఇంటికి పోయి అమ్మకును, అక్కకును, వదినెకును చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. గర్భవతికి, ముఖ్యముగా ఆరవ నెల దాటిన తరువాత, ఇ రకపు కామెర్లు వచ్చినచో అది మిక్కిలి ప్రమాదకరము. చివరి మూడు నెలలలో ఇట్లు సోకినవారిలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణింపవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఏ రకమో పైకి చూచి చెప్పలేము, రక్తపరీక్ష కావలెను. గర్భవతి కన్నులు పచ్చబడిననాడే, ఆమె ఎంత ఆరోగ్యముగా కనబడినను, కాన్పుల వార్డును, రక్తనిధియు ఉన్న ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వైద్యులు రక్తము గడ్డకట్టుటకు పట్టు కాలమును ముఖ్యముగా చూతురు, ఏలయన కాలేయము చెడినప్పుడు ముందుగా దెబ్బతినునది అదియే. గర్భవతులేగాక ఇతరులయందును, పగలు మత్తు, మాట తడబాటు, ఆగని వాంతులు, చిగుళ్లనుండి గాని ముక్కునుండి గాని రక్తము కారుట, ఇవి కనబడినచో ఒక్క గంటయైనను ఉపేక్షింపరాదు.

ఇక నీటి మాట. నీరు ఎక్కడ చెడుచున్నది? నదివద్ద శుద్ధియై బయలుదేరిన నీరే మన యింటికి చేరులోపల చెడుచున్నది. మన పేటలో మంచినీటి గొట్టమును మురుగుకాలువయు ప్రక్కప్రక్కనే పోవుచుండుట అందరెరిగినదే. దినమున ఒక గంటయో, దినము విడిచి దినమో నీరు వదలుదురు. నీరున్నంతసేపు గొట్టములో ఒత్తిడియుండును గాన, చిల్లిద్వారా మంచినీరు బయటకు కారును. నీరు కట్టివేసిన పిదప గొట్టము ఖాళీయై, అదే చిల్లిద్వారా చుట్టునున్న మురుగును లోనికి పీల్చును. మరునాటి మొదటి బిందెలో అది మన యింటికి వచ్చును. కుళాయికి నేరుగా మోటారు తగిలించి లాగువారు ఈ పీల్పును మరింత హెచ్చించుచున్నారు. తమకు రెండు బిందెలు ఎక్కువ వచ్చుటకై వీధికంతకును మురుగు పంచుచున్నామని వారెరుగరు. ఎరిగియు చేయువారున్నారేమో, వారితో మాకు మాటలు లేవు.

నీటిని తెర్లకాచినచో ఈ వైరసు చచ్చును. బట్టతో వడగట్టినచో చావదు. పట్టిన మొదటి నీటిని పారబోసి, త్రాగునీటిని మరిగించి, మూతపెట్టిన పాత్రలో చల్లార్చి, లోతుగరిటెతో తీసికొనుట మేలు. గర్భవతియున్న యింట ఇది ఐచ్ఛికము గాదు. మలవిసర్జన తరువాతను వంటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెనని మూడవ తరగతి పుస్తకములోనే యున్నది గాన ఇచట విస్తరింపము.

టీకా మాట తప్పక అడుగుదురు. చైనా శాస్త్రజ్ఞులు తయారుచేసిన టీకా ఒకటి, లక్షమందికి పైబడినవారిపై పరీక్షింపబడి, 2011లో ఆ దేశమున అనుమతి పొందినది. 2022లో దక్షిణ సూడాను దేశమున బెంటియు నిర్వాసితుల శిబిరములో, వ్యాధి చెలరేగుచుండగనే గర్భవతులతో సహా ప్రజలకు దానిని వేసిరి. వ్యాధి చెలరేగినప్పుడు టీకా వాడుట అదే మొదటిసారి. మన దేశపు ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు.

భారత ప్రమాణముల ప్రకారము కుళాయిలో త్రాగునీటియందు లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెను. వైరసుల నుండి రక్షణ కావలసినచోట 0.5 ఉండవలెను. దీనిని కనుగొనుట సులభము. చిన్న గాజుగొట్టములో నీరు పోసి, ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసినచో, క్లోరిను ఉన్న నీరు పచ్చబడును. ఎంత పచ్చబడినదో రంగుల పట్టికతో పోల్చి చూతురు. ఆ మందు చేతికి తగులనీయరాదు, పరీక్షించిన నీటిని త్రాగరాదు. క్రిందటి ఏట మన తొమ్మిదవ తరగతివారు ఉపాధ్యాయుని వెంట ఉదయముననే బయలుదేరి పేటలోని కుళాయిలను పరీక్షించిరి. ట్యాంకునకు దగ్గరనున్న వీధులలో నీరు చక్కగా పచ్చబడినది. గొట్టపు చివరనున్న సందులో మూడు కుళాయిలలో రంగు రాలేదు. ఆ లెక్కను వ్రాసి నీటి అధికారులకు పంపినాము. ఆ మూడు కుళాయిల నీరు త్రాగు ఇండ్లలో అప్పుడు ఇద్దరు గర్భవతులుండిరి. మన విద్యార్థినులు నలుగురు ఆ సాయంకాలమే పోయి, ఒకరికి తెలుగులోను ఒకరికి మరాఠీలోను, నీరు కాచుకొనవలెనని చెప్పి వచ్చిరి.